ఎర్రచుక్కలు, పచ్చచుక్కలు

నగర ప్రణాళికలో ఒక పీజీ, సమాచార నిర్వహణలో ఇంకో పీజీ, రెండూ కలిపి మూడేళ్లలో ముగించి ఆమె పురపాలక కార్యాలయంలో ఉద్యోగానికి చేరింది. సూపరింటెండెంటు ఆ రెండు పట్టాలనూ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రెండు చదివారా! భేష్. ఆ ప్రింటర్ పొద్దుట్నుంచి కాగితాలు మింగేస్తోంది, కాస్త చూడండమ్మా."

ఆరు నెలలు ఆమె ప్రింటర్ నోట్లోంచి కాగితాలు పీకింది. ఆఫీసులో "డబుల్ పీజీ" అన్న పేరు స్థిరపడింది. "రెండెందుకే, మొదటిది అర్థంకాకా?" అని ఇంట్లో పిన్ని దెప్పేది.

ఒళ్లు మండి, తీరిక దొరికినప్పుడల్లా మూలపడున్న ఫిర్యాదుల రిజిస్టర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఒక్కో ఫిర్యాదునూ ఊరి పటం మీద ఎర్రచుక్కగా పెట్టింది. తీరా చూస్తే, వాననీళ్లు ఇళ్లలోకి వస్తున్నాయన్న ఫిర్యాదులన్నీ నాలుగు వీధులవే. వాటి దిగువన పటంలో పెద్ద కాలువ ఉంది. నేలమీద మాత్రం అక్కడ కమిషనరుగారి బావమరిది మూడంతస్తుల దుకాణాల సముదాయం ఉంది.

సమావేశంలో ఆ పటం తెరమీద వేసింది. కమిషనరు గొంతు సవరించుకున్నాడు.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. ఎరుపే కళ్లల్లో గుచ్చుకుంటోంది. ఆకుపచ్చ చెయ్యండి."

చేసింది. పటం పై ఆఫీసుకు వెళ్లింది. పచ్చచుక్కలను చెట్లనుకున్న పెద్దలు పచ్చదనంలో ఊరికి మొదటి బహుమతి ప్రకటించారు. కమిషనరు పళ్లన్నీ కనబడేలా ఫొటో దిగాడు.

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మర్నాడు ఎర్రచుక్కల పటాన్ని పెద్దగా అచ్చు తీసి, ఫిర్యాదు ఇవ్వడానికొచ్చిన ఒక టైలరమ్మ చేతిలో పెట్టింది.

"మీ ఇల్లెక్కడుందో చూసుకోండి. వీధిలో అందరికీ చూపించండి."

వారం తిరిగేసరికి నాలుగు వీధుల జనం పటం పట్టుకుని ఆఫీసు మెట్ల మీద బైఠాయించారు. విలేకర్లూ వచ్చారు. దుకాణాల జోలికి ఎవరూ పోలేదు గానీ, వాటి పక్కన బళ్లు నిలిపే జాగా తవ్వి సన్నటి కాలువ తీశారు. అంతా తన చొరవేనంటూ కమిషనరు రిబ్బను కత్తిరించాడు. ఆమెను పాత దస్త్రాల గదికి బదిలీ చేశాడు.

తర్వాతి వానకు రెండు వీధులు తేరుకున్నాయి, రెండు మునిగాయి. ఆమె గొడుగేసుకుని చూడబోయింది. మునిగిన వీధిలో ఒక పెద్దాయన గుమ్మంలోంచి కేకేశాడు.

"ఎవరి కోసమమ్మా?"

"నీళ్లు చూద్దామని వచ్చానండీ."

"చూడ్డానికా! ఇక్కడ ఎత్తిపోసే చేతులు చాలక చస్తున్నాం. లోపలికి రా!"

ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి నడిచింది.