పాత లారీకి రేడియేటర్

పంతొమ్మిదొందల యాభైల్లో మా ఆయనకి యుద్ధకాలం నాటి పాత లారీ ఉండేది. దాంట్లో పెంటపాడు నుంచి తాడేపల్లిగూడెం మిల్లులకి ధాన్యం తోలేవారు. ఒకసారి రేడియేటర్ చిల్లులు పడి నీళ్ళు నిలవకపోతే, ఏలూరులో వాడిన రేడియేటర్ ఒకటి కొనుక్కొచ్చి మా పెరట్లోనే మార్చడానికి పూనుకున్నారు. వస్తానన్న మెకానిక్ రాలేదు.

"ఏమేవ్, ఇలా వచ్చి పట్టుకో" అని నన్ను పిలిచారు.

అది వేరే లారీది కావడంతో బోల్టు కన్నాలు ఓ పట్టాన కలవలేదు. ఆయన కింద పడుకుని బిగిస్తున్నంతసేపూ ఆ బరువుని పొట్టకి ఆనించుకుని నిలబడ్డాను. రేకులు కోసుకుని అరచేతులు నెత్తురయ్యాయి. చివరికి నీళ్ళు పోసి ఇంజను తిప్పితే ఒక్క చుక్క కారలేదు. నాకెంత సంతోషం వేసిందో!

అంతలో మా బావగారు వచ్చి, "ఎవరు సాయం చేశార్రా?" అని అడిగారు.

"ఎవరున్నారన్నయ్యా? ఒక్కణ్ణే తిప్పలు పడ్డాను" అన్నారు ఈయన, నా ఎదురుగానే.

నేను ఉండబట్టలేక, "ఏవండీ, ఈసారి ఏలూరు వెళ్ళేటప్పుడు నన్నూ ఎక్కించుకోండి. అమ్మని చూసొస్తాను" అన్నాను.

"ఆడదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని లారీ తోలితే నలుగురూ నవ్వరూ?" అన్నారు.

అన్నదమ్ములిద్దరూ లారీ ఎక్కి వెళ్ళిపోయారు. నేను చేతులకి పసుపు అద్దుకుని వాళ్ళకి వంట మొదలుపెట్టాను. ఆ తర్వాత కూడా లారీ చెడినప్పుడల్లా నన్నే పిలిచేవారు. వెళ్ళి పట్టుకునేదాన్ని. అమ్మేసే రోజు వరకూ నన్నందులో ఎక్కనివ్వలేదు.