స్టెల్లా పేరు మీద పెట్టిన బటన్

2022 మామిడి సీజన్‌కు ముందు, చిత్తూరు ఊరి బయట ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టే పని మా కంపెనీకి వచ్చింది. మాది తిరుపతిలో ఒక మెడికల్ షాపు పైనున్న చిన్న ఆఫీసు. బజారులో అందరికీ ఒకేలా అమ్మే సాఫ్ట్‌వేర్ తెచ్చి, కొన్నవాళ్ల పనికి సరిపోయేలా మార్చి ఇవ్వడం మా వృత్తి. దీన్ని కస్టమైజేషన్ అంటారు. ఫ్యాక్టరీకి వెళ్లి, ఎవరు ఏ పని ఎలా చేస్తారో చూసి, అడిగి, మా ప్రోగ్రామర్లకు అర్థమయ్యేలా రాసివ్వడం నా బాధ్యత. అందుకని ఆ ఎండాకాలమంతా నేను తిరుపతి, చిత్తూరు మధ్య బస్సుల్లోనే గడిపాను.

అక్కడున్న పాత ప్రోగ్రాం ఫాక్స్‌ప్రో అనే పాతకాలపు కంప్యూటర్ భాషలో రాసింది. దాన్ని రాసినతను ఎక్కడున్నాడో కూడా ఎవరికీ తెలియదు. ఫ్యాక్టరీ మొత్తానికి ఒకటే పాస్‌వర్డ్. అది కాగితం మీద రాసి మానిటర్‌కు అతికించి ఉండేది. ఎవరు ఏం మార్చినా, ఎవరు మార్చారో తెలిసే దారి లేదు. కొత్తదానిలో ఎవరి లాగిన్ వారిదే, ఎవరి పనికి వారిదే పూచీ అని నేను యజమాని మునిరత్నం గారికి చెప్పినప్పుడు ఆయన బాగుందన్నారు. ఇలా చెప్పేటప్పుడు నాకు నిజంగానే గర్వంగా ఉండేది.

గుజ్జు ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. తోతాపురి కాయల గుజ్జును వేడిచేసి, క్రిములు లేని సంచుల్లో నింపి, ఆ సంచుల్ని డ్రమ్ముల్లో పెడతారు. ప్రతి బ్యాచ్‌లోంచి కొన్ని శాంపిళ్లు తీసి ల్యాబ్‌లో వెచ్చని పెట్టెలో కొన్ని రోజులు ఉంచుతారు. లోపల క్రిమి ఏదైనా మిగిలి ఉంటే ఆ సంచి ఉబ్బుతుంది. ఉబ్బకపోతేనే ఆ బ్యాచ్ బయటికి వెళ్లాలి. అంతవరకు అది హోల్డ్‌లో ఉన్నట్టు. హోల్డ్ తీసేసి బ్యాచ్‌ను వదలడాన్ని రిలీజ్ అంటారు. రిలీజ్ చేయగానే కొన్న కంపెనీకి పంపే పరీక్షా పత్రం ల్యాబ్ ఇన్‌ఛార్జి పేరుతో ప్రింటవుతుంది.

ఆ ల్యాబ్ ఇన్‌ఛార్జి స్టెల్లా. సత్యవేడు వైపు అమ్మాయి, మైక్రోబయాలజీ చదివింది. వాళ్ల నాయన వేరే వాళ్ల పొలాల్లో పనిచేసి చదివించాడు. మొదటిరోజే నన్ను ల్యాబ్‌లో కూర్చోబెట్టి, తనకు ఏం కావాలో తడుముకోకుండా చెప్పింది. పాత పద్ధతిలో ఆమె వద్దన్న బ్యాచ్ కూడా లారీ ఎక్కిపోయేదట. అడిగితే గొడవ.

"నేను హోల్డ్ పెడితే నేను తప్ప ఎవురూ తీసేదానికి కాకుండా చేసియ్యండక్కా. అప్పుడు నాతో ఎవురికీ కొట్లాటుండదు, అంతా కంప్యూటరే చూసుకుంటాది" అంది.

అలాగే చేయించాను. హోల్డ్‌లో ఉన్న బ్యాచ్‌కు గేట్ పాస్ రాదు. గేట్ పాస్ లేకుండా లారీ కదలదు.

సీజన్ మొదలైంది. చిత్తూరు చుట్టుపక్కల సీజన్ అంటే ఏమిటో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు వరకు కాయల ట్రాక్టర్లు నిలబడిపోతాయి, లోపల డ్రమ్ములు పెట్టడానికి చోటుండదు. ఆ ఒత్తిడిలో మేనేజరు దయాకర్ నాకు ఫోన్ చేశాడు. ఇతను మునిరత్నం గారి అల్లుడు. కంటైనర్ చెన్నై పోర్టుకు వెళ్లాలి, స్టెల్లా హోల్డ్ తీయడం లేదు, తనకు కూడా ఒక దారి పెట్టమన్నాడు.

అది మా వృత్తిలో కొత్త కోరిక కాదు. ఓవర్‌రైడ్ అని ఉంటుంది. పై అధికారి తన లాగిన్‌తో వచ్చి, కారణం రాసి, కింది వాళ్ల నిర్ణయాన్ని దాటి వెళ్లవచ్చు. అయితే ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారో వారి పేరే నమోదవుతుంది, పత్రం మీద కూడా వారి పేరే వస్తుంది. అది కావాలంటే రెండు రోజుల్లో చేసిస్తామన్నాను.

"నా పేరొస్తే కొనేవాళ్లు ఒప్పుకోరు మేడం. ల్యాబ్ వాళ్ల పేరే ఉండాల. నొక్కేది మాత్రం నేను నొక్కుకుంటా" అన్నాడు.

సరిగ్గా విన్నానో లేదో అని మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పాడు, ఏ మాత్రం గొంతు తగ్గించకుండా. కుదరదన్నాను. ఇది ఇంకొకరి సంతకం తాను పెట్టడమేనని కూడా చెప్పాను. అతను నవ్వి, మీ సార్‌తో మాట్లాడుకుంటానన్నాడు.

మా యజమాని రమణ గారు నన్ను పిలిచి, క్లయింటుతో అలాగేనా మాట్లాడేది అన్నారు. మనం సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లమే గానీ తీర్పులు చెప్పేవాళ్లం కాదన్నారు. నేను ఆ కోరికను, నా అభ్యంతరాన్ని వివరంగా మెయిల్‌లో రాసి పంపాను. ఆయన చదివి, సరే వదిలేయ్ అన్నారు. ఆ వారమే నన్ను తిరుపతిలో ఒక ఆసుపత్రి పనికి మార్చారు. చిత్తూరు పనిని కిశోర్ అనే ప్రోగ్రామర్‌కు అప్పగించారు. ఆ విషయం అంతటితో ముగిసిందనుకున్నాను.

సీజన్ అయిపోయి, వానలు పట్టుకున్నాక ఒక మధ్యాహ్నం స్టెల్లా ఫోన్ చేసింది. ఫ్యాక్టరీ నుంచి వెళ్లిన డ్రమ్ములు కొన్న కంపెనీ గోదాములో ఉబ్బిపోయాయట. వాళ్లు సరుకు వెనక్కి పంపుతూ, ఎవరు వదిలారో సంజాయిషీ ఇమ్మన్నారు. పత్రం మీద స్టెల్లా పేరు ఉంది. కంప్యూటర్‌లోనూ స్టెల్లా పేరే ఉంది. రాజీనామా రాసివ్వు, లేకపోతే పోలీసు కేసు పెడతామని దయాకర్ చెప్పాడట.

"ఆ పొద్దు నేను ఊళ్లోనే లేనక్కా. మాయమ్మకు కంటి ఆపరేషనని లీవు పెట్టుకోని పోయినాను. తిరిగొచ్చి అడిగితే బయటి ల్యాబులో టెస్టు చేయించినాం, బాగుండాది, పంపించేసినాం అన్నారు. ఇప్పుడు సూస్తే నేనే వదిలినట్టుండాది. నీ పాస్‌వర్డు ఎవురికో ఇచ్చింటావు అంటాన్నారు. నేను ఇయ్యలేదక్కా."

నాకు పరిశోధనలేమీ అక్కర్లేకపోయింది. ఫోన్ పెట్టేసి నేరుగా కిశోర్ బల్ల దగ్గరికి వెళ్లి, దయాకర్ అడిగింది చేసిచ్చావా అని అడిగాను. అతను నా వైపు చూడకుండానే సార్ చెయ్యమన్నాడు అన్నాడు. దానికి మెనూలో స్పెషల్ రిలీజ్ అని పేరు కూడా పెట్టారు. ఆ పేరు పెట్టేటప్పుడు కూడా ఎవరికీ చేయి ఆగలేదు.

రమణ గారి గదిలోకి వెళ్లాను. అప్పటిదాకా ఆ గదిలో నేను గొంతు పెంచి ఎరుగను. ఆ రోజు పెంచాను. ఒక ఆడపిల్లను పోలీసుల పేరు చెప్పి బెదిరిస్తున్నారు, దానికి పనిముట్టు చేసిచ్చింది మనం అన్నాను. ఆయన నన్ను కూర్చోమన్నారు. ఇది క్లయింటు ఇంటి వ్యవహారం, మనం తలదూర్చకూడదు, ఒప్పందంలో గోప్యత అనే షరతు ఉంది అన్నారు. గోప్యత. ఆ మాట విన్నాక నాకు కోపం పోయి ఇంకేదో వచ్చింది. క్లయింటు అంటే దయాకర్ ఒక్కడే కాదు, ఫ్యాక్టరీ మునిరత్నం గారిది, ఆయనకే చెబుతాను అన్నాను. వెళ్తే మళ్లీ ఇక్కడికి రావద్దన్నారు. బ్యాగు తీసుకుని బస్టాండుకు నడిచాను.

నేను చిత్తూరు చేరేసరికి స్టెల్లా ఫ్యాక్టరీ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. లోపల మునిరత్నం గారు, పక్కన దయాకర్ ఉన్నారు. రాజీనామా కాగితం అప్పటికే టైపు చేసి బల్ల మీద పెట్టారు, సంతకం ఒక్కటే తక్కువ. నేను స్టెల్లాను వెంటబెట్టుకుని లోపలికి వెళ్లాను. దయాకర్ ముఖంలో మొదట ఆశ్చర్యం, తరవాత చిరాకు. మునిరత్నం గారు మాత్రం కూర్చోమన్నారు. ఆయన నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పారు. ఈ పాప మంచిదే, కానీ కంప్యూటర్ అబద్ధం చెప్పదు కదా, నువ్వేగా ఎవరి పని వారి పేరు మీద ఉంటుందని చెప్పింది అన్నారు.

నేను చెప్పిన మాటే నా ముందు పెట్టారు. చెప్పేదేమీ లేదు, చూడండి అన్నాను. స్టెల్లాను గది చివర గోడ దగ్గర నిలబడమన్నాను. దయాకర్ ల్యాప్‌టాప్ తెరవమన్నాను. నెట్ సరిగ్గా లేదన్నాడు. మునిరత్నం గారు అతని వైపు తిరక్కుండానే తెరువన్నారు. తెరిచాడు. దయాకర్ లాగిన్‌లోనే, హోల్డ్‌లో ఉన్న ఒక బ్యాచ్ తీయించి, స్పెషల్ రిలీజ్ అన్నచోట మునిరత్నం గారినే నొక్కమన్నాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని నొక్కారు. మూలనున్న ప్రింటర్ కదిలింది. కాగితం నేనే తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. కింద స్టెల్లా పేరు, హోదా, పరీక్షించి వదిలితినన్న వాక్యం.

ఆయన ఆ కాగితం చదివి, గోడ వైపు చూశారు. "పాప ఆడ నిలబడుండాది. పేరు ఈడ పడిండాది" అన్నారు.

"సీజన్లో ఎట్లోకట్ల సరుకు పంపించాల గదా మామా. పంపించకపోతే మీరే అడుగుతారు" అన్నాడు దయాకర్. అంతే. సిగ్గు లేదు, స్టెల్లా వైపు ఒక చూపు లేదు.

ఆ క్షణంలో మునిరత్నం గారు లేచి అల్లుణ్ని బయటికి పంపి ఉంటే బాగుండేది. అలా జరగలేదు. ఆయన రాజీనామా కాగితం చింపేశారు. తరవాత స్టెల్లాను దగ్గరికి పిలిచి, అయిందేదో అయింది, నీ ఉద్యోగం నీకుంటుంది, ఈ మాట ఈ గది దాటకూడదు పాపా అని మెత్తగా చెప్పారు. కొన్న కంపెనీకి ఏం చెబుతారని నేను అడిగాను. ఏదో ఒకటి చెప్పుకుంటాం అన్నారు. అంటే అక్కడ ఆమె పేరు అలాగే ఉంటుంది. ఈ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ ల్యాబ్‌కు వెళ్లినా ఆ పేరు ముందు చేరుతుంది. ఆ మాట నేను అనబోయేలోగా స్టెల్లా అంది.

"ఉద్యోగం కోసరం రాలేదు సార్. నేను వదల్లేదని వాళ్లకు రాసియ్యండి. రాసిచ్చినంక నేనే పోతాను."

ఆమె గోడ దగ్గర నుంచి కదల్లేదు. కూర్చోమన్నా కూర్చోలేదు. మునిరత్నం గారు ఫ్యాక్టరీ పేరు పోతుందన్నారు, వ్యాపారం దెబ్బ తింటుందన్నారు, ఫ్యాక్టరీ మీద బతికే కూలీల గురించి చెప్పారు. నాకు ఒళ్లు మండింది. ఆ కూలీలు గుర్తుకొచ్చింది ఇప్పుడా అని అడిగాను. ఆ గుజ్జు ఎవరైనా తాగి ఉంటే ఏమయ్యేదని అడిగాను. మీరు రాయకపోతే ఈ పత్రం ఎలా పుట్టిందో నేను రాస్తానన్నాను. ఆయన చివరికి గుమాస్తాను పిలిచారు. ఆ బ్యాచ్‌ను ల్యాబ్ ఇన్‌ఛార్జి వదల్లేదని, మేనేజరు స్థాయిలో జరిగిన పొరపాటని రెండు పేరాల ఉత్తరం. పొరపాటు అన్న మాట దగ్గర నేను ఆగాను, స్టెల్లా చాలన్నట్టు తల ఊపింది. మునిరత్నం గారు సంతకం పెట్టారు. మేము చూస్తుండగానే అది మెయిల్‌లో వెళ్లింది. ఇందాక చూపించడానికి నేను నొక్కించిన బ్యాచ్‌ను స్టెల్లానే తన లాగిన్‌తో మళ్లీ హోల్డ్‌లో పెట్టి, ల్యాబ్ తాళాలు బల్ల మీద ఉంచి వచ్చేసింది.

తరవాతి సంగతులు గొప్పవేమీ కావు. రమణ గారు కిశోర్‌ను పంపి ఆ బటన్ తీయించారు. దయాకర్‌కు క్షమాపణ మెయిల్ పెడితే నన్ను ఉంచుకుంటానన్నారు. పెట్టలేదు, మానేశాను. మరుసటి సీజన్‌కు దయాకర్ అదే కుర్చీలో ఉన్నాడని విన్నాను. స్టెల్లాకు కొన్ని నెలల తరవాత తడ దగ్గర ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పని దొరికింది. నేను ఇప్పుడు సొంతంగా ఇదే పని చేస్తున్నాను. ఏ ఆఫీసుకు వెళ్లినా, ఒకరు నొక్కితే ఇంకొకరి పేరు పడే ఏర్పాటు చేయనని మొదటి కాగితంలోనే రాసిస్తాను. అది చదివి వెనక్కి తిరిగిపోయినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఎందుకు పోయారో నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు.

కంప్యూటర్ అబద్ధం చెప్పదని ఇప్పటికీ జనం నాతో అంటారు. చెబుతుంది. మనుషులు చెప్పమన్న ఏ అబద్ధమైనా, తడబడకుండా, మంచి అక్షరాలతో చెబుతుంది. అది చెప్పేలా చేసేది నాలాంటి వాళ్లం, జీతం తీసుకుని.

ఆ రోజు చిత్తూరు బస్టాండులో సత్యవేడు వైపు బస్సు కోసం నిలబడి ఉండగా స్టెల్లా నన్నొక మాట అడిగింది. "ఆ పొద్దు నేను లీవులో లేకుండా ఈడనే ఉండింటే, నేను నొక్కలేదని ఎట్ల చెప్పుకోవాలక్కా?"

నేను నమ్మేదాన్ని స్టెల్లా, అన్నాను. తన నిజాన్ని నిలబెట్టుకోవడానికి ఒక మనిషికి నా నమ్మకం అవసరమయ్యేలా చేశాం మేము. బస్సు వచ్చింది, ఆమె ఎక్కింది. నేను ఆ కోపాన్ని తగ్గించుకోవాలని ఇంతవరకు ప్రయత్నించలేదు.