వెనక్కి పంపిన సోడా డబ్బా

అది పంతొమ్మిది వందల అరవై రెండు. సాగర్ కట్ట పనికి మా నల్లగొండ జిల్లా ఊళ్ళ నుంచి జనం లారీలెక్కి పోతున్న రోజులు. మేము పోలేదు. మునుగోడు దిక్కు మా ఊళ్ళో మాకు ఆరు మగ్గాలుండేవి. వాటి మీద తేలియా రుమాళ్ళు నేసేవాళ్ళం. మగ్గాల సంగతి మా ఆయనది. నూలుకు నూనె పట్టించే కొట్టం నాది. అందులోకి ఏం కావాలన్నా కొనేది నేనే.

తేలియా అంటే నూనె పట్టించినది. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిదను నీళ్ళలో కలిపి, తేరిన నీటిని వడగట్టి, నూనెతో కలిపి నూలును అందులో పిసకాలి. ఎండబెట్టి మళ్ళీ పిసకాలి. ఇట్లా పక్షం పైనే పడుతుంది. అప్పుడే అలిజరిన్ అనే ఎర్ర రంగు నూలును పట్టుకుని వదలదు. బూడిద నీళ్ళ ఘాటు సరిపోయిందా అని చూడటానికి మాకు ఒకటే కొలత: వేలు ముంచి నాలుక కొసకు తాకించడం. చురుక్కుమంటే సరి. మా అత్తమ్మ నేర్పిన విద్య అది.

అంతకు ముందటి వానాకాలం మా దిక్కు చినుకు సరిగా పడలేదు. ఆముదం ఎండిపోయి బూడిద కరువైంది. సరిగ్గా అప్పుడే పట్నం సేటు ఒకాయన పెద్ద ఆర్డరు తెచ్చాడు. తొలకరి పడే మిరుగం కార్తె లోపల మాలు అందితే ఏడాది పొడుగునా మా మగ్గాలకు తానే పని ఇస్తానన్నాడు. అది చేజారితే మా ఆయన కూడా సాగర్ లారీ ఎక్కవలసిందే.

సేటు వెంట వచ్చిన రంగుల దుకాణమాయన మా గడపలో ఒక డబ్బా దింపాడు. కాస్టిక్ సోడా.

"బూడిద కోసం ఎందుకమ్మా తిరుగుడు? గిది జర్రంత ఏస్తే సాలు. మీ పక్షం రోజుల పని మూడొద్దుల్ల అయితది" అన్నాడు.

వాళ్ళు పోయాక, ఒక కుండెడు కలిపి చూద్దామన్నాడు మా ఆయన. కలిపాము. అలవాటు కొద్దీ నేను వేలు ముంచి నాలుకకు తాకించాను.

నిప్పు కణిక పెట్టినట్లయింది. ఎన్ని నీళ్ళు పుక్కిలించినా మంట తగ్గలేదు. నాలుక కొస పొక్కిపోయింది. మా ఆయన నా పక్కన చెంబు పట్టుకుని కూర్చుని, "నీ నోటికి గిసొంటి మందున్నదని ఎరుకైతే ఎన్నడో తెద్దును" అన్నాడు. నవ్వలేక నవ్వాను.

అంతలో కొట్టం వెనక గొర్రెల అరుపులు. మా కొట్టంలో వాడిన నీళ్ళు పోయే మోరీ వాగు మడుగులో కలుస్తుంది. ఆ ఎండలకు వాగంతా ఎండి ఆ మడుగొక్కటే మిగిలింది. కాపరి బీరయ్య మంద తాగేది అక్కడే. మా బూడిద నీళ్ళతో వాటికి ఏనాడూ ఏమీ కాలేదు.

"సుక్క తాకితేనే నా నోరు గిట్లయింది. గొర్రె మూతి ముంచి తాగుతది గద" అన్నాను.

మా ఆయన లేచి కుండ మీద మూత పెట్టాడు.

బీరయ్య గడపలోకి వచ్చాడు. "ఏందక్కా, మాట ముద్దగ వస్తాంది? బావ కొట్టిండా?"

"బావ గాదు, డబ్బా" అని సంగతంతా చెప్పాను.

అతను డబ్బా వంక చూసి, "ఆముదం పొట్టు బూడిదనా నీకు గావాల్సింది? దేవరకొండ దిక్కు చేన్లల్ల మంద పండవెట్టి వచ్చిన. ఆడ పొట్టు కుప్పలున్నయి. పొయ్యిల కింద ఏసుకుని బూడిద పెంట మీద పారవోస్తున్నరు" అన్నాడు.

"గా మాట ఇన్నొద్దులు చెప్పకపోతివి?"

"నువ్వు అడిగినవా?"

తెల్లారి బండి కట్టించాము. నా నాలుక పొక్కిపోయింది కనుక అత్తమ్మ కూడా బండెక్కింది. ఇంటింటికీ పోయి బూడిదను గిన్నెలో కలిపించి, కొంచెం నాలుకకు తాకించి, "దీంట్ల తుమ్మకట్టె కలిసింది, వద్దు. గిది మంచిది, బండిల పొయ్యి" అనేది. ఒక ఇల్లాలు పక్కింటామెతో, "ముసలమ్మ బూడిద తినొచ్చిందే, బువ్వ వెట్టు" అంది. నిజంగానే పెట్టింది. ఇక మీద పొట్టు బూడిద ఎవరు దాచినా కొంటామని చెప్పి, నిండు బండితో తిరిగి వచ్చాము.

మిరుగం నాటికి సగం రుమాళ్ళే తయారయ్యాయి. సేటు వచ్చి, డబ్బా ఇంకా నిండుగానే ఉందని చూసి మొహం మాడ్చాడు.

"సోడా ఎందుకు వాడలే?"

"మా మోరీ నీళ్ళు గొర్లు తాగుతయి సేటూ" అన్నాను.

అతను కోపంగానే ఒక రుమాలు లాగి ముక్కుకు పెట్టుకున్నాడు. మడత విప్పి మళ్ళీ వాసన చూశాడు. "నా గిరాకీలు ఓడరేవుల్ల ఉంటరు. గీ నూనె వాసన చూసే అసలు మాలని కొంటరు" అని గొంతు తగ్గించి, "మిగతా సగం ఎప్పుడిస్తరు?" అన్నాడు.

"ఎండ కాసినప్పుడు."

నవ్వి, ఏడాది పని మాకే రాశాడు. డబ్బా అతని జీపులోనే వెనక్కి పోయింది. మా ఆయన లారీ ఎక్కలేదు.

ఆ తర్వాత ఏ కొత్త సరుకు తెచ్చిన వర్తకుడినైనా ఒకటే అడిగేదాన్ని: "వాడినంక గిది యాడికి పోతది?" నవ్వినవాళ్ళున్నారు, చెప్పలేక వెళ్ళిపోయినవాళ్ళున్నారు. నేను కొన్నదేదైనా చివరికి మా మోరీ దారినే బయటికి పోతుంది. ఆ మోరీ చివర ఎవరి నోరుందో చూసుకుని కొనాలని నాకు నేర్పింది ఆ పొక్కిన నాలుకే.