గోడ మీది మ్యాపు

క్యాంపస్‌లో నేను చెప్పేది భూగోళశాస్త్రం. అందుకని ఏ ఊరు ఎంత దూరమో మావాళ్లు నన్నే అడుగుతారు. విజయవాడ ఆసుపత్రిలో మేనమామ పరిస్థితి బాగాలేదని రాజమండ్రి నుంచి అక్క ఫోన్ చేసింది. డిపార్ట్‌మెంట్ గోడ మీది మ్యాపుకు స్కేలు పెట్టి చూసి, "విమానంలో అరగంటే. ఎయిర్‌పోర్టుకు వెళ్లు, టికెట్ నేను తీస్తా" అన్నాను.

తీరా చూస్తే నేరుగా విమానమే లేదు. హైదరాబాద్ వచ్చి మారాలి. తప్పు ఒప్పుకోవడానికి నామోషీ అనిపించి అదే బుక్ చేశాను. శంషాబాద్‌లో రెండో విమానం కోసం అక్క కూర్చుని ఉండగానే మామయ్య పోయాడు.

తార్నాకలో బస్సు దిగుతుంటే అక్క ఫోన్ చేసింది. "మీ బావ అప్పటికే కారు బయటికి తీశారు. మూడు గంటల్లో వెళ్లిపోయేవాళ్లం. నువ్వు చెప్పావని నేనే వద్దన్నాన్రా."