తిన్నింటి వాసాలు

గనుల భద్రత చూసే ఇన్‌స్పెక్టర్ల మీద పర్యవేక్షణ నా ఉద్యోగం. చెప్పుకోవడానికి గొప్పగానే ఉంటుంది. నిజానికి అందులో సగం పని, పిలవని పేరంటానికి వెళ్లి పీట వేయించుకునే మగవాళ్లను అక్కడి నుంచి లేపడమే.

మావి ఎక్కువగా రాతి క్వారీలు. ఊరు దాటి జీపులో రెండు మూడు గంటలు పోతే గుట్టలను కోసి కంకర కొట్టే చోట్లు. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకుండా చూడడం, పేలుడు మందు జాగ్రత్తలు, తాగే నీళ్లు, ఇలా మేం చూడాల్సినవి బోలెడు. అన్నింటికన్నా ముఖ్యమైనది ఒక్కటే. గుట్టను పైనుంచి మెట్లు మెట్లుగా కోస్తూ రావాలి. కింద తొలచకూడదు. తొలిస్తే పైనున్నది వచ్చి కిందున్న మనిషి మీద పడుతుంది. ఇసుక గుట్టలో గుహ చేసిన ప్రతి పిల్లకూ తెలిసిన సంగతే ఇది. క్వారీ యజమానులకు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కింద తొలిస్తే రాయి తొందరగా దొరుకుతుంది మరి.

మేం వస్తున్నామని వాళ్లకు ముందే ఎలా తెలుస్తుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. నేను పొద్దున జీపెక్కాక గానీ ఎక్కడికి వెళ్లాలో చెప్పను. అయినా మేం చేరేసరికి కూలీల నెత్తిన కొత్త హెల్మెట్లు మెరుస్తుంటాయి. కొన్నింటికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పరు. దారికి అటూ ఇటూ సున్నం గీతలు. రోడ్డు వైపు కనబడే గుట్ట ముఖం చక్కగా మెట్లు మెట్లుగా ఉంటుంది. వెనక్కి పోయి చూస్తే సొరకాయను తొలిచినట్టు తొలిచి ఉంటుంది. వెనక్కి పోయేదెవరు? అప్పటికే భోజనం సిద్ధమని కబురొస్తుంది.

మా టీములో అందరికన్నా పెద్దాయనది గోదావరి జిల్లా. రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు. పని తెలియదంటే కళ్లు పోతాయి. రాయిని చూసి ఎటు పగులుతుందో చెప్పగలడు. కానీ నాటుకోడి పులుసు తిన్న చోట ఆయన చేతికి నోటీసు రాయడం రాదు. ఏమైందని అడిగితే ఒకటే మాట.

"చెప్పి వచ్చానండి మేడమ్."

"చెప్పి రావడమేమిటండీ? పని ఆపించాలి కదా?"

"భోజనం పెట్టినవాడండి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టమంటారా?"

"వాసాలు లెక్కపెట్టడమే మన ఉద్యోగం. అందుకే తినొద్దంటున్నా."

ఆ నెల నుంచి ఎవరి అన్నం డబ్బా వాళ్లు తెచ్చుకోవాలని రూలు పెట్టాను. ఆఫీసులో ఒకటే లొల్లి. రూలు పెట్టిన వారానికి, టీము తనిఖీకి వెళ్లిన ఒక క్వారీకి చెప్పకుండా వెళ్లి చూద్దును కదా, టీములోకెల్లా చిన్నవాడు, నల్గొండ పిల్లాడు, డబ్బా మూతలో కోడికూర పోయించుకుని తింటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మేడం, బువ్వ మనదే. కూర ఒక్కటే ఆళ్లది."

వీళ్లతో ఎలా వేగాలి? అదే క్వారీలో పెద్దాయన ముందు వారమే "చెప్పి వచ్చిన" గుట్ట ఉంది. వెనక్కి పోయి చూశాను. కింద రెండు నిలువుల లోతున తొలిచారు. ఆ నీడలో ఇద్దరు ఆడవాళ్లు రాళ్లు ఏరుతున్నారు. అక్కడికక్కడే పని ఆపించాను. యజమాని చేతులు నలుపుకుంటూ, "ఇన్నేండ్ల సంది ఏమైంది మేడం? గిప్పుడే ఏమైతది?" అన్నాడు. ఆ మాట నాకు కొత్త కాదు. ప్రతి క్వారీలోనూ అదే మాట, అదే ముఖం. తిరుగు దారంతా జీపులో పెద్దాయన కిటికీలోంచి బయటకే చూస్తూ కూర్చున్నాడు. నాలుగు రోజులు నాతో "ఆఁ", "ఊఁ" తప్ప మాట్లాడలేదు.

శనివారం ఆయనే వచ్చి రాజీ మాట కలిపాడు. ఇంట్లో ఆవకాయకు మంచి మిరపకాయలు కావాలట. మాది తాతల నాటి నుంచి ఉస్మాన్‌గంజ్ బజారులో మిర్చి, చింతపండు హోల్‌సేల్ వ్యాపారం. నాన్న తర్వాత అన్న చూసుకుంటున్నాడు. నేను పెళ్లయినా ఊళ్లోనే, దబీర్‌పురా దాటి పోలేదు కాబట్టి దుకాణానికి వస్తూ పోతూనే ఉంటాను. సరే రమ్మన్నాను. నల్గొండ పిల్లాడు కూడా వెంట తగులుకున్నాడు. ఆటోలు, తోపుడు బండ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ, మిర్చి ఘాటుకు ముగ్గురం తుమ్ముకుంటూ దుకాణం చేరాం.

నేను గడప దాటాను. వాళ్లిద్దరూ దాటలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరి తలలూ పైకెత్తి ఉన్నాయి.

మా దుకాణంలో బస్తాల దొంతర చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఆ ఏడు పంట బాగా వచ్చిందేమో, దూలాలు ముట్టేదాకా పేర్చారు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పాత సరుకు ముందు అమ్ముడుపోవాలి. పాత సరుకు అడుగున ఉంటుంది. అందుకని హమాలీ కొక్కెం వేసి అడుగు బస్తానే లాగుతాడు. పైవి ఒకదాని మీద ఒకటి ఒరిగి సర్దుకుంటాయి. ఉద్యోగం వచ్చిన నాటి నుంచి ఇలా వద్దని అన్నతో పోట్లాడుతూనే ఉన్నాను. నవ్వి చాయ్ తెప్పిస్తాడు. ఆ దొంతర మొదట్లో, ఫ్యాను గాలి తగిలే చోట, గోనె పట్టా పరుచుకుని ఆడవాళ్లు మిరపకాయల తొడిమెలు తీస్తుంటారు. వాళ్లలో ఒకామె నేను గౌను వేసుకునే రోజుల నుంచి అక్కడే కూర్చుంటోంది. నేను అక్కా అంటాను. జుట్టు మొత్తం నెరిసినా ఇంకా అక్కే.

పెద్దాయన వీధిలోనే నిలబడి మెల్లగా అడిగాడు.

"చెప్పి వద్దామా మేడమ్?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, నా కింది వాళ్ల ముందు ఇలా దొరికిపోయినందుకు.

అన్న ఎదురొచ్చి "రండి సార్, రండి" అంటూ కచోరీలు, చాయ్ తెప్పించాడు. పెద్దాయన చేయి చాపలేదు. "డబ్బా తెచ్చుకున్నామండి" అన్నాడు. పిల్లాడు కచోరీ వైపు ఆశగా చూసి, తల తిప్పుకున్నాడు.

"అన్నా, అడుగు బస్తాలు గుంజనియ్యకు. పైకెల్లి తీయించు" అన్నాను.

"పైకెల్లి తీస్తె కింద సరుకు పురుగు వడ్తది. ఇన్నేండ్ల సంది ఏమైంది?"

అదే మాట! ఒకే కడుపున పుట్టినట్టు అందరికీ ఒకే మాట ఎలా వస్తుందో.

"ఆడోళ్లనన్న ఆడికెల్లి లేపు."

అన్నకు కోపమొచ్చింది. ఆఫీసు వాళ్ల ముందు అన్నానని అనుకుంటా. "ఈ బస్తాల మీదనే తిని పెరిగినవ్. ఇయ్యాల తిన్నింటి వాసాలు లెక్కవెడ్తున్నవా?"

"వాసాలు కండ్లవడ్తె కద లెక్కవెట్టనీకి. బస్తాలు అడ్డమొస్తున్నయ్."

హమాలీ ఈ గొడవ తనది కానట్టు మళ్లీ అడుగు బస్తాకు కొక్కెం తగిలించాడు. చేయి చాపితే అక్క భుజం తగిలేంత దగ్గర.

"అక్కా, లే" అన్నాను.

"ఏడికి వోవాలె బిడ్డా? బయట నిప్పులు గురుస్తున్నయ్" అంటూ ఆమె మరో పిడికెడు కాయలు ఒళ్లో వేసుకుంది.

వెళ్లి అక్క పక్కన, ఆ పట్టా మీద కూర్చున్నాను. హమాలీతో "గుంజు" అన్నాను. అతను కొక్కెం పట్టుకుని అన్న ముఖంలోకి చూశాడు.

నిజం చెప్పొద్దూ, నాకు భయం వేసింది. కింద కూర్చుని చూస్తే ఆ దొంతర మొత్తం నా వైపే వంగి ఉంది. ఉద్యోగంలో ఇలాంటి చోట ఒక్క క్షణం నిలబడితే నేనే తిడతాను. వీధిలోంచి పెద్దాయన గట్టిగా అరిచాడు. ఆయన గొంతు పెంచగా వినడం అదే మొదటిసారి. "మేడమ్, లేవండి! ఆవిడ్నీ లేపండి!"

అన్న ముఖం పాలిపోయింది.

"లే! పిచ్చిలేసిందా?"

"ఎందుకు లేవాలె?"

"మీద వడ్తె?"

ఇన్నేళ్లలో ఏ యజమాని నోటా నేను ఆ మాట రప్పించలేకపోయాను.

"అక్క కూసుంటె పడయి, నేను కూసుంటెనే పడ్తయా అన్నా?"

అన్న నా వైపు చూడలేదు. అక్క వైపు అసలే చూడలేదు. హమాలీని "నిచ్చెన తే, పైకెక్కు" అని కసిరాడు. అక్క సణుక్కుంటూ లేచింది. ఆమె వెనకే నేనూ లేచాను. పెద్దాయన మిరపకాయలు వీధిలోనే తూయించుకున్నాడు. ఆటో ఎక్కబోతూ, "సోమవారం ఆ క్వారీకి నేనే వెళ్లి చూస్తానండి. డబ్బాలో కూర కూడా తీసుకెళ్తాను" అన్నాడు.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. తర్వాత కొద్ది రోజులకు చెప్పకుండా దుకాణానికి వెళ్లాను. సందు మొదట్లో తోపుడు బండివాడు నన్ను చూడగానే లోపలికి కేకేశాడు.

"సేఠ్! చెల్లె వస్తుంది!"

లోపల హడావుడి. నేను చేరేసరికి ఆడవాళ్లంతా గడప బయట ఎండలో ఉన్నారు. అక్క ముఖం మీద చెమట కారిపోతోంది. రోడ్డు వైపు బస్తాలు చక్కగా మెట్లు మెట్లుగా ఉన్నాయి. మనసు ఊరుకోక వెనక్కి వెళ్లి చూశాను. వెనక అడుగున అంతా తొలిచి ఉంది. అక్క గోనె పట్టా అక్కడే, చుట్టూ తాజాగా తీసిన తొడిమెలు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా తాతల నాటి దుకాణం కూడా అచ్చం నా క్వారీయే.

వెళ్లి ఆ పట్టా మీద కూర్చున్నాను.

అన్న తల పట్టుకున్నాడు. "మల్ల కూసున్నవా? ప్రతి శనివారం వచ్చి గిట్లనే కూసుంటవా ఏంది?"

"కూసుంట."

అక్క గడపలోంచి తొంగి చూసింది. "నువ్వాడ కూసుంటె నా పట్టా ఎట్ల బిడ్డా? సేఠ్‌కు చెప్పి బయట తాడ్‌పత్రి కట్టియ్యి. నీడ ఉంటె లోపటికి నేనెందుకొస్త?"

ఆటోలకు అడ్డమని అన్న ఎన్నేళ్లుగానో గడప ముందు కట్టనివ్వని టార్పాలిన్ పందిరి అదే. నన్ను చూశాడు, అక్కను చూశాడు, చివరికి తలెత్తి నా పైనున్న బస్తాలను చూశాడు. చొక్కా చేతులు మడిచి, హమాలీని కేకేసి, తానే తాడు పట్టుకుని బయటకు నడిచాడు. కడుతున్నంతసేపూ నన్నూ నా ఉద్యోగాన్నీ తిడుతూనే ఉన్నాడు. చివరి ముడి బిగిసేదాకా నేను అక్కడి నుంచి లేవలేదు.