ఐదు కట్టల బీడీల టైము

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి ఉండే ధీమా ఆ తర్వాత ఏ వయసులోనూ ఉండదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల డాక్టర్లం ఓ పదిమందిమి పక్షవాతం కేసుల కోసం ఫోన్లో గ్రూపు కట్టుకున్న ఆ రోజుల్లో అందరికంటే చిన్నదాన్ని నేనే, అందరికంటే ఎక్కువ తెలిసినదాన్నీ నేనే (అని నా గట్టి నమ్మకం). గ్రూపుకు నియమాలు కూడా నేనే రాశాను. చెయ్యి, కాలు పడిపోయిన మనిషికి నాలుగున్నర గంటల్లోపు ఇంజెక్షన్ పడాలి. అందుకని ఎప్పుడు మొదలైందో గడియారం టైముతో సహా రాయాలి, లేదంటే 'టైం తెలియదు' అని పెట్టాలి. అలా పెట్టామంటే ఇంజెక్షన్ మీద ఆశ వదులుకున్నట్టే.

రెండో వారంలోనే, కోరుట్లలో నేను డ్యూటీలో ఉన్న ఒక పొద్దున, తాటిచెట్లెక్కి కల్లు గీసే ఆయన్ని ఆటోలో తెచ్చారు. మూతి వంకరపోయింది, మాట ముద్దగా వస్తోంది, కుడిచెయ్యి వేలాడుతోంది. ఆ చెయ్యి రాకపోతే ఆయన మళ్లీ చెట్టెక్కలేడు. వెంట భార్య ఉంది, చీరంతా తంబాకు వాసన. ఎన్ని గంటలకైందమ్మా అని అడిగాను. "బీడీలు చుట్టుకుంట గూసున్న మేడమ్. ఐదు కట్టలయినయ్. గప్పుడే చెయ్యి పడిపోయింది." బీడీలు కాదమ్మా, టైము చెప్పు అన్నాను. "గదే చెప్తున్న గద మేడమ్, ఐదు కట్టలు." నాకు ఒళ్లు మండింది. పాపం చదువులేని మనిషి అని జాలి కూడా పడి, గ్రూపులో ఎంతో పద్ధతిగా 'టైం తెలియదు' అని పెట్టాను.

నిమిషంలో జగిత్యాల నుంచి ఫోన్. మేమంతా పెద్దసారు అని పిలిచే డాక్టరు, స్కానింగూ ఇంజెక్షనూ ఆయన దగ్గరే. "ఆమె ఏమన్నది బిడ్డా?" అన్నాడు. ఏదో బీడీలంటోంది సార్ అన్నాను, నవ్వుతాడనుకుని. ఆయన నవ్వలేదు. "ఎన్ని కట్టలు? గంటకెన్ని చుడ్తదట? ఎప్పుడు గూసున్నదట? అడుగు." ఫోన్ స్పీకర్లో పెట్టి అడిగాను. మనవరాలి స్కూలు బస్సు ఎనిమిదింటికి పోగానే చాట ముందర కూర్చుందట. "గంటకు నాలుగు కట్టలు మేడమ్. ముచ్చట వెట్టకపోతే ఐదు."

"ఇయ్యాల ముచ్చట వెట్టినవా అమ్మా?" అని ఫోన్లోంచి ఆయనే అడిగాడు.

"వెట్టిన సారు. ఆయనతోనే. ఐదో కట్ట కట్టేదాక మంచిగనే మాట్లాడిండు," అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు సిగ్గేసింది, నిజంగా.

"అంటే తొమ్మిదింబావు. ఇప్పుడు పది. జల్ది తోలియ్యి బిడ్డా. మా అమ్మ బీడీలు చుట్టే నన్ను డాక్టర్ను జేసింది. గా చేతుల లెక్క తప్పదు." తోలించాను. స్కానింగు చూసి, పదకొండున్నర లోపే ఇంజెక్షన్ ఇచ్చారు.

మూడు నెలలకు ఇద్దరూ చూపించుకోవడానికి వచ్చారు. చెయ్యి ఎట్లుందో చూద్దామని నా రెండు వేళ్లు పట్టుకోమన్నాను. పట్టుకుని వదలడే. "ఇడువయ్యా, మేడమ్ రాయాలె గద," అని భార్య విడిపించింది. వేళ్లు సాయంత్రం దాకా నొప్పి పెట్టాయి, ఆ నొప్పికి నేను పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు మా నెట్‌వర్కు చాలా పెద్దదైంది. దాని ఫారంలో 'అప్పుడు ఇంట్లో ఎవరు ఏం పని చేస్తున్నారు?' అని ఒక గడి ఉంది. సిరిసిల్ల నుంచైతే సాంచె మీద, అంటే మరమగ్గం మీద, ఎన్ని మీటర్ల బట్ట దిగిందో రాసి పంపుతారు. కొత్తగా చేరిన డాక్టర్లు ఆ గడి చూసి నవ్వుతారు. నవ్వనిస్తాను. వాళ్ల వయసులో నేను నవ్వలేదు, విసుక్కున్నాను. నవ్వుతూనైనా ఇంకో ప్రశ్న అడిగి ఉంటే, 'టైం తెలియదు' అని రాసి, ఆయన చెయ్యి మీద ఒక్క నిమిషమైనా నేను ఆశ వదులుకుని ఉండేదాన్ని కాదు.