కిలోన్నర కందిపప్పు

ఇబ్రహీంపట్నంలో రాంచంద్ర దగ్గర ట్రైపాడ్ కొనడం కన్నా ఒకింటికి పోయి పిల్లను అడగడం సులువు. పిల్ల తండ్రి నాలుగు ప్రశ్నలతో వదిలేస్తాడు. రాంచంద్ర నలభై అడుగుతాడు. కాళ్ల సంగతి ఆయనకు పెద్దగా పట్టదు. మూడు కాళ్ల స్టాండైనా, ఒంటికాలి మోనోపాడైనా కళ్లు మూసుకుని ఇచ్చేస్తాడు. దాని మీద కెమెరాను మోసి తిప్పే హెడ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం స్టూలు జరిపి, "ముందుగాల కూసో" అంటాడు. ఆ మాట పడ్డవాడికి ఆ పూట వేరే పని లేనట్టే.

సాగర్ రోడ్డు మీది ఆ కొట్టు ఒకప్పుడు ఫొటో స్టూడియో. ఫోన్లు వచ్చి పాస్‌పోర్టు ఫొటోలను మింగేశాక స్టాండ్ల అమ్మకం, మరమ్మతు మిగిలాయి. అద్దాల బీరువాలో ఎటైనా వాలే గుండ్రటి బాల్ హెడ్లు, పిడి పట్టుకుని నిదానంగా తిప్పే వీడియో హెడ్లు, కిందికీ మీదికీ తప్ప ఇంకెటూ కదలని మొండి హెడ్లు వరసగా ఉంటాయి. ఎంత బరువు మోస్తుందో కంపెనీ డబ్బా మీద అచ్చువేస్తుంది. రాంచంద్ర ఆ అచ్చును నమ్మడు. ప్రతి హెడ్ మీదా కెమెరాకు బదులు కిలోన్నర కందిపప్పు పొట్లం కట్టి, బిగించి, గంటసేపు దాన్నే చూస్తూ కూర్చుంటాడు. పొట్లం వెంట్రుకవాసి వాలినా ఆ హెడ్ మళ్లీ బీరువా ఎక్కదు. ఇంట్లో పప్పు నిండుకున్న రోజు భార్య భాగ్య వచ్చి పరీక్ష మధ్యలోనే పొట్లం విప్పుకుని పోతుంది. "దాన్ని జూసుకుంట కూసుంటే ఉడుకుతదా? పొయ్యి మీద నీళ్లు మసులుతున్నయ్" అంటుంది పోతూ పోతూ.

ఓసారి నాదర్‌గుల్ కాలనీ నుంచి భుజంగరావు వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ ఉద్యోగి. మేడ మీంచి శిక్షణ విమానాల ఫొటోలు తీయాలని కొత్తగా సరదా పుట్టింది.

"మోనోపాడ్ మీదకి బాల్ హెడ్డే బెస్టని ఇంటర్నెట్లో చూశానండి. అదిచ్చేయండి" అన్నాడు.

రాంచంద్ర ఆయన చేతికి బూజుకర్ర ఇచ్చి రోడ్డు మీదికి పంపాడు. కర్రను నేలకానించి, వచ్చే బస్సుకు కొస గురిపెట్టి, అది కనుమరుగయ్యేదాకా వదలకూడదట. మూడు బస్సులు బాగానే పోయాయి. నాలుగోది, దేవరకొండ బస్సు, ఈ పెద్దాయన ఆపమంటున్నాడనుకుని ఆగింది. కండక్టర్ ఎక్కమంటాడు, ఈయన ఎక్కనంటాడు, లోపలి జనం కిటికీల్లోంచి తొంగిచూస్తారు. చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చిన ఆయన్ని రాంచంద్ర అడిగాడు:

"బస్సు దిక్కు తిరిగిందేంది సార్? కర్రనా, కొసనా?"

"కర్రేనండి."

"కర్రనే తిరుగుతుంటే మీద గుండు ఎందుకు? కిందికి మీదికి వంగితే సాలు."

అన్నిటికన్నా చవకదాన్ని చేతిలో పెట్టి పంపాడు.

చెప్పులు కుట్టేవాడు కాలు చూస్తాడు. కళ్లద్దాలవాడు కన్ను చూస్తాడు. లోకంలో మిగతా వస్తువులన్నీ మనిషిని చూడకుండానే అమ్ముడుపోతాయి గనకే, ఏ ఊరికి పోయినా, ఏ ఇంట్లో తలెత్తినా, అటక మీద ఒకసారి వాడి పక్కన పెట్టిన సామాను కనిపిస్తుంది. రాంచంద్ర పద్ధతి చెప్పులవాడి పద్ధతి. కాకపోతే ఆయన చూపు కాలి దగ్గర ఆగదు. అన్నం ఏ చేత్తో కలుపుతావని అడుగుతాడు. పెళ్లిలో ముందే తింటావా, అందరూ తిన్నాక తింటావా అని అడుగుతాడు. అడగడం అయిపోయాక ఫ్లాస్కులోంచి చాయ్ పోసిచ్చి, తాగినంతసేపూ అలా చూస్తాడు. కొందరికి ఆ చూపుకే పొలమారుతుంది.

ఇదంతా తెలిసే సుసన్న ఆ కొట్టుకు వెళ్లడం వాయిదా వేస్తూ వచ్చింది. పదిహేనేళ్లుగా ఆమె పెళ్లి వీడియోలు తీస్తోంది, చర్చిలోనైనా పందిట్లోనైనా. ఆరు నెలల నుంచి కుడిచేయి సన్నగా వణుకుతోంది. దవాఖానలో మందులైతే ఇచ్చారు గానీ తగ్గుతుందని మాటివ్వలేదు. ఎవరికీ చెప్పకుండా, నలుగురిలో ఉన్నప్పుడు ఆ చేతిని కొంగులో దాచుకుంటోంది. పోయిన నెల తీసిన వీడియోలో పెళ్లివారు భూకంపంలో తలంబ్రాలు పోసుకున్నట్టు వచ్చింది. వాళ్లు నవ్వి ఊరుకున్నారు. వచ్చే గురువారం కందుకూరులో కరుణ అనే అమ్మాయి పెళ్లి తీయాలి. అదీ ఇలాగే వస్తే ఇక ఎవరూ పిలవరు. పని పోవడం ఒక బాధ. ఎందుకు పోయిందో ఊరంతా చెప్పుకోవడం అంతకన్నా పెద్ద బాధ.

"జర గట్టి హెడ్ ఒకటి గావాలె అన్నా" అంది వెళ్లి.

"ముందుగాల కూసో."

అన్నం కుడిచేత్తోనే కలుపుతానని అబద్ధం చెప్పింది. నెల రోజులుగా ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటోంది. రాంచంద్ర ఆమె కొంగు వైపు ఒకసారి చూసి చాయ్ పోశాడు, సగం గ్లాసే. పక్కనున్న మనిషికి నిండా పోశాడు. రేపు రమ్మన్నాడు. మర్నాడూ సగం గ్లాసే. పిసినారి, ఆడమనిషంటే లెక్కలేదు అనుకుంది. మూడోరోజు బూజుకర్ర తీశాడు.

"అన్నా, పదిహేనేండ్ల సంది కెమెరా పడుతున్న. నాకు బూజుకర్ర ఇస్తవా?"

"పట్టుకో చెల్లె. ఎడమచేత్తోని పట్టు."

"ఎడమచేత్తోని ఎందుకు?"

"ఊకెనే."

ఆమె విసుగ్గానే పట్టుకుంది. బస్సు వచ్చింది, పోయింది. కర్ర కొస దాని మీంచి అంగుళమైనా జారలేదు.

నాలుగోరోజు అడుగున మూడు చిన్న కాళ్లున్న మోనోపాడ్, దాని మీద ఒక వీడియో హెడ్ తెచ్చి ముందు పెట్టాడు. పిడి ఎడమవైపు ఉంది. పిడికి మెత్తటి గుడ్డ చుట్టి ఉంది.

"గిది ఎడమచేతి హెడ్. కంపెనోడు తప్పుజేసి పంపిండు. ఎవ్వలు తీస్కుంటలేరు" అన్నాడు బీరువా వైపు చూస్తూ.

సుసన్న ఒక్క క్షణం ఆ పిడిని చూసింది. వీడియో హెడ్‌కు పిడి ఎటైనా పెట్టుకోవచ్చు. ఒక్క మర విప్పితే కుడిది ఎడమకు వస్తుంది. పదిహేనేళ్ల అలవాటు ఆమెకు ఆ ఆలోచన రానివ్వలేదంతే. ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలిసిన సంగతి, ముప్పయ్యేళ్లుగా వాటిని విప్పి బిగిస్తున్న రాంచంద్రకు తెలియదా? అబద్ధమాడటం అసలు చేతకాని మనిషి. ఆమె కూడా తన వంతు ఆడింది.

"అయ్యో, అట్లనా అన్నా. పోనీ, నేనే తీస్కపోత."

గురువారం కందుకూరులో ఎడమచేయి పిడి తిప్పింది. కుడిచేయి కొంగులో విశ్రాంతి తీసుకుంది. హెడ్ లోపలి చిక్కటి నూనె మిగిలిన కాస్త అదురునూ మింగేసింది. తలంబ్రాలు గింజ గింజా లెక్కపెట్టుకునేలా వచ్చాయి. సగం పోసిన గ్లాసు చేయి వణికినా చిందదన్న సంగతి, తిరుగు బస్సులో ఆమెకు తట్టింది.

సోమవారం కొట్టుకు వెళ్లేసరికి స్టూలు మీద ఐలేష్ అనే కొత్త వీడియోగ్రాఫర్ అన్నం ఏ చేత్తో కలుపుతాడో చెప్పలేక ఉడికిపోతున్నాడు. కాసేపటికి బూజుకర్ర పట్టుకుని గొణుక్కుంటూ రోడ్డెక్కాడు.

"అన్నా, ఊరోళ్లందర్ని గిట్ల ఎందుకు సతాయిస్తవ్? నా చెయ్యి సంగతి నన్నొక్కదాన్ని అడిగితే అయిపోవు గద" అంది సుసన్న.

రాంచంద్ర చూపు కందిపప్పు పొట్లం మీదే ఉంది.

"నిన్నొక్కదాన్నే అడిగితే ఏం బాగుంటది చెల్లె?"

ఫ్లాస్కు వంచి, అలవాటుగా సగం దగ్గర ఆపాడు. ఆమె కుడిచేత్తోనే గ్లాసు ముందుకు చాపింది.

"నిండ పొయ్యి. చిందితే నీ పప్పు మీదనే చిందుతది."

రాంచంద్ర పొట్లాన్ని జాగ్రత్తగా పక్కకు జరిపి, అంచుదాకా పోశాడు.